గుట్ట మీది వరుస

హలో… ఆ, నేనే. జమున టీచర్‌నే. ఎవలు?…

ప్రణయ్‌వా! నంబరు మారిందా?… గొంతు గుర్తువట్టిన. బోథ్ బడిల ఎనుక బెంచి మీది నుంచి ప్రశ్నలు అడిగే గొంతు. జర బరువైంది, అంతే.

ఊర్లెనే ఉన్న… లేదు, చెన్నూరు బడికి ఇంక పోలే. లీవు పొడిగిచ్చిన. బడి తెరిచిన్రు, ఎరికే. కని అవ్వ ఒక్కతే ఉంటది గద… తింటుంది. పెడితే తింటది. పెట్టకుంటే అడగది.

తమ్ముని నెలమాసికం గుడ అయిపోయింది, మొన్ననే… నువ్వు రాలేదని నేనేం అనుకోలే, ప్రణయ్. ఎవలు వచ్చిన్రు, ఎవలు రాలే అని చూసుకునే సోయి నాకు లేకుండె… సరే, సరే. మనసుల పెట్టుకోకు.

చెప్పు. ఎందుకు జేసినవ్?

…మీటింగా. ఏ మీటింగు, మీ తేయాకు ఆఫీసుదా?… మా ఊర్లనా? రేపే… ఏడ పెడుతున్రు?… బడి అరుగు మీద. అంటే మా ఇంటి ముంగటనే.

…ఇంటున్న. చెప్పు.

"చిన్న తేయాకు రైతులకు అవకాశాలు." బ్యానరు మీద గట్లనే రాయించిన్రా?… మంచిగున్నది. తప్పులు లేకుంట చూసుకో. మా ఊరి బడి పిల్లలు చదువుతరు.

ఏమేమి అవకాశాలు?… లేదు, నువ్వే చెప్పు. ఒక్కొక్కటి చెప్పు. నాకు వేరే పని లేదు.

మట్టి పరీక్ష. ఊర్లకే బండి వస్తదా?… ఆడికాడ్నే చెప్తరు. మంచిదే… ప్రణయ్, మొక్కలు పెట్టినంక మట్టి చూసుడు ఎక్కడన్న ఉన్నదా? మా తమ్ముడు సదానందం పోయిన వానకాలమే పెట్టిండు మొక్కలు. పిల్ల పుట్టినంక పెండ్లి సంబంధం అడగవోయినట్టున్నది మీ సంగతి… నువ్వు నవ్వు. నేను నవ్వుతలేను.

ఇంక?… అస్సాం తీస్కపోతరు. తోటలు చూపియ్యనీకి… ఎరికే, ఆడ ఎకరం రెండెకరాలోళ్లు గుడ ఆకు కోసుకొని బతుకుతరట. నాకు ఎన్ని సార్లు చెప్పిండు వాడు! "అక్కా, ఆడి ఆడోళ్లు గంప ఎనుకకు కట్టుకొని తెంపుతరట, అవ్వకు గసువంటి గంప ఒకటి అల్లిస్త" అన్నడు. అవ్వ మోకాళ్లు పట్టుకొని నవ్వింది. "నేను గంప కట్టుకొని గుట్ట ఎక్కుడా? నీ తల్కాయ" అన్నది.

…వాన్ని గుడ తోలుకపోతమన్నరు గద. మస్కట్ నుంచి తెచ్చుకున్న బ్యాగు ఉతికి, దండెం మీద ఆరేసుకున్నడు… తెల్సు. బ్యాచు ఆగిపోయింది. నీ చేతుల లేదు. ఎవల చేతుల ఉన్నదో వాళ్లు ఫోన్లు చెయ్యరు. ఫోన్ చేసేది నువ్వు.

ఇంక చెప్పు… నీడ చెట్లు మీరే ఇస్తరు. రైతులు సంఘం కట్టుకోవాలె. ఆకు ఒక్కకాడ పోస్తే మీ బండి వచ్చి ఎత్తుకపోతది… ఆ… ఇదేంది, ఫోన్ నంబరా? డౌటుంటే ఎప్పుడన్న చెయ్యొచ్చు. తెలుగులనే మాట్లాడ్తరు… ఎప్పటిసంది?… వచ్చే నెలసంది.

ఊఁ…



నేనెందుకు?… కుర్చీ ఏసి కూసోబెడ్తరా. రెండు మాటలు మాట్లాడాలె. టీచరు చెప్తే జనం ఇంటరు అంటున్నవ్… నా క్లాసుల పిల్లలే ఇనరు బిడ్డా. నువ్వు ఇన్నవా?

…ఎవలు? పరశురాములు మామనా? మా పక్క చేను పరశురాములు?… పత్తి బంద్ జేసి తేయాకు పెడ్తనంటుండా! మా తోట చూసినంక మనసైందట. చూసిండు, మొన్న వచ్చి గుట్ట మీది వరుస మొక్క మొక్కకు వంగి చూసిండు. మా తమ్మున్ని పోయినేడు ఎక్కిరిచ్చింది ఆయననే, నీకు తెల్వది. ఊరందరి ముంగట, "సదా, పాలు చక్కెర గుడ అదే చెట్టుకు కాస్తయారా" అన్నడు. వాడేమన్నడో ఎర్కనా?… "కాస్తయ్ మామా, నువ్వు గ్లాసు పట్టుకొని చెట్టు కింద నిలవడు" అన్నడు.

ఔ. గట్లనే ఉంటుండె వాడు… మస్కట్‌ల చాయ్ కొట్టుల గ్లాసులు కడిగి కడిగి చేతులు పాసిపోయినోడు. "ఇగ ఆకు నాది, నీళ్లు నావి, గ్లాసు మాత్రం ఎవడన్న కడగాలె" అంటుండె. పెండ్లి మాట ఎత్తితే, "తోట లేవనియ్యిండ్రి" అనేటోడు.

తోట లేవకముందే…

ఏమో అన్నవ్. ఇనవడలే. గాలి కొడుతుంది, మళ్ల చెప్పు.

ఉదాహరణనా? ఎవలిని?… మా సదానందంనా?

ఆగు. అవ్వ లోపటనే ఉన్నది, నేను వాకిట్లకు వస్త…

ఆ. ఇప్పుడు చెప్పు. మీ సారు రేపు మైకుల ఏం చెప్తడట?

…సదానందం తోట ఎందుకు ఎండిపోయిందో చెప్తడా. అందరికి తెలవాలె కాబట్టి. అయితే నాకు ముందుగాల చెప్పు. మాకైతే ఎండకు పోయినయన్నడు వాడు. ఈసారి ఎండలు గుడ గట్లనే ఉండె. ఎండకే గద పోయినయ్?

…బూడిద?

ఏం బూడిద?

…మొదట్ల పోసిందా. ఔ, అవ్వ పోస్తది. ఏ మొక్క పెట్టినా పోస్తం మేము. వంకాయ నారుకు పోస్తం, మామిడికి పోస్తం. చెదలు పట్టకుంట. ఇది ఇయ్యాల్టి ముచ్చటనా? మీ అవ్వ పొయ్యదా?… పోస్తది గద. మరి?

…

తేయాకుకు పులుపు నేల కావాలె. ఊఁ… బూడిద పడితే ఆ పులుపు విరుగుతది. ఏరు తిండి గుంజదు. ఆకు పసుపుపచ్చబడి…

చాలు. ప్రణయ్, చాలు. బూడిద నీళ్లల్ల ఎర్ర లిట్మస్ ముంచితే ఏమైతది?… నీలం. ఆ. నీతోని ఆ ప్రయోగం చేయించింది నేనే. సగం నీళ్లు చొక్కా మీద ఒంపుకున్నవ్.

…నిలవడే ఉన్న. ఏం కాలే నాకు.

గుట్ట మీది వరుస…

లేదు, నీతోని కాదు. నాలో నేనే అనుకుంటున్న. కింది వరుసలన్ని మాడిపోయినయ్, మీది ఒక్క వరుస పచ్చగ ఉన్నది. ఇప్పచెట్టు నీడ ఉన్నది కాబట్టి బతికిందనుకున్న. కని నీడ సగానికే ఉన్నది. మిగిలిన సగం గుడ పచ్చగనే ఉన్నది… అవ్వకు మోకాళ్ల నొప్పులు. అంత మీదికి తట్ట పట్టుకొని ఎక్కలేదు.

అంతే. ఎక్కలేదు కాబట్టి బతికినయ్.

…ఏమన్నవ్? మళ్లొకసారి అను… నిర్లక్ష్యం. మీ పై ఆఫీసుల గట్ల అనుకుంటున్రా. రైతు నిర్లక్ష్యం.

ఇను ప్రణయ్, నేను గట్టిగ మాట్లాడ. అవ్వ ఇంటది. పొద్దుగాల లేసి, పొయ్యిల బూడిద సల్లారిందాక కూసుండి, జల్లెడ పట్టేది మా అవ్వ. ఎందుకో ఎర్కనా? నిప్పు రవ్వ ఉంటే మొక్కకు సుర్రుమంటదని. జల్లెడ పట్టి, ఒక్కొక్క మొదట్ల పిడికెడు పోసి, ఏలుతోని సుట్టూ సదిరేది. పచ్చి బాలింత పిల్లను చూసుకున్నట్టు చూసింది. దానికి మీరు పెట్టిన పేరు నిర్లక్ష్యం.

…నువ్వు అనలేదు, ఎరికే. నువ్వు చెప్తున్నవ్ అంతే.

మీరు వానికిచ్చిన తేయాకు పుస్తకం ఈడనే ఉన్నది. నేను చదివిన. ఎంత లోతు తవ్వాల్నో, ఎప్పుడు కొనలు తుంపాల్నో, అన్ని రాసిన్రు. ఏం పొయ్యొద్దో రాయలే. రాసినాయన దిక్కు బూడిద పొయ్యరు కావచ్చు… మీ దిక్కు కొత్త మొక్కకు మొదలు ఏం చేస్తరమ్మా అని మా అవ్వను ఒక్కలన్న అడిగిన్రా? అడిగితే ఆమెనే చెప్తుండె. దాసుకునే ముచ్చట కాదు గద… ఔ. నేను గుడ అడగలే. నాకు గుడ తట్టలే.

…వానికి తెల్సా?

సదానందంకు ప్రణయ్. వానికి తెల్సా అంటున్న.

…ఎప్పుడు ఫోన్ చేసిండు?… వాడు పోయిన పొద్దుగాలనా? ఆ పొద్దుగాలనే?

…

చెప్పు. దాసకు. నేను ఇంట.

ఆకులు పసుపుపచ్చబడి రాలుతున్నయ్, ఇది ఎండ కాదు అన్నడు. ఊఁ… మొదట్ల ఏమన్న ఏసిన్రా అని నువ్వు అడిగినవ్… నవ్విండా? "మా అవ్వ బూడిద తోటి రోజూ పౌడరు అద్దుతది" అన్నడా… గట్లనే అంటడు.

నువ్వేమన్నవ్?… బూడిద గీకెయ్యి, ఎంత వీలైతే అంత నీళ్లు పెట్టి మొదళ్లు కడుగు అన్నవ్.

నీళ్లు పెట్టుమన్నవ్…

అందుకేనా.

లేదు ప్రణయ్, నన్ను చెప్పనియ్యి. అంతకు ముందటి రాత్రే మా ఊర్ల మొదటి వాన పడ్డది. తోట తడిసే ఉన్నది. వాన పడ్డనాడు వీడు మోటరు ఎందుకు పెట్టవోయిండని ఊరంత అడిగింది. నేను గుడ వాన్ని పండవెట్టినంక గదే అడిగిన, పక్కన కూసుండి. ఎందుకు పెట్టవోయినవ్‌రా, వాన పడ్డది గదరా అని. స్టార్టరు డబ్బ లోపటికి నీళ్లు దిగినయ్. ముట్టుకోంగనే పట్టింది కరెంటు… ఎవ్వలకు తెల్వలే ఎందుకో. గిప్పుడు తెల్సింది.

అవ్వకు ఆ పొద్దుగాల ఏమన్నడో ఎర్కనా? "ఇయ్యాల నువ్వు తోటకు రాకు, నేనే చూసుకుంట" అన్నడట. ఎన్నడు లేంది వాడు గట్లెందుకన్నడు, నా మీద కోపమొచ్చిందా, నేనేం తప్పు జేసిన… ఇప్పటికి గదే అంటది అవ్వ. అన్నం ముంగట కూసుండి అంటది. కోపం కాదు. చెప్పబుద్ధి గాలే వానికి. ఆమె రాకముందే కడిగేద్దామనుకున్నడు.

…

ప్రణయ్?

ఏడుస్తున్నవా… అందుకేనా నువ్వు కర్మకు రాంది?

ఇట్ల ఇను. నీళ్లు పెట్టుమని చెప్పుడు తప్పు కాదు. తడి చేతులతోని స్టార్టరు ముట్టుమని నువ్వు చెప్పలే… లేదు, నేను నిన్ను ఏమంటలేను. ఏమనాల్నో నాకు ఇంక తెల్వది. తెల్సిననాడు అంట, అప్పుడు ఇను. ముక్కు తుడుసుకో.

గిప్పుడు పని సంగతి మాట్లాడుదాం.

మీ సారుకు చెప్పు, రేపు సదానందం పేరు తియ్యొద్దని… ఔ, అది గుడ నిజమే. ఊర్ల తేయాకు పెట్టింది వాడొక్కడే. పేరు తియ్యకున్నా ఎవలో తెల్సిపోతది… ఆ ముచ్చటే ఎత్తకుంటే?

…పరశురాములు. ఔ. ఆయన భార్య గుడ పోస్తది. ఊరంత పోస్తది. మీరు చెప్పకుంటే ఇంకో తోట పోతది… నేను దాసుమంటలేను. చెప్పాలె. చెప్పకుంటే పాపం.

కని బడి అరుగు మా ఇంటి ముంగట ఉన్నది, ప్రణయ్. మైకుల కొడుకు పేరు ఇనవడితే అవ్వ ఇంట్ల కూసుంటదా?… ఎటు తోలాలె? ఉట్నూర్‌ల మా చిన్నమ్మ ఉన్నది, తోలుత. ఒక్కనాడు తోలుత. తెల్లారి వస్తది గద. ఊరు ఊకుంటదా? "నీ చేతి బూడిదనే తోటను సంపిందట బాలవ్వా" అని నీళ్లకాడ ఒకలు అంటరు. నాటుకాడ ఇంకొకలు అంటరు. ప్రేమతోనే అంటరు మళ్ల. మనోళ్ల నోర్లు నీకెర్క లేవా?… ఒకసారి తోట మాట చెవుల పడ్డంక, వాన పడ్డనాటి మోటరు మాట ఆమెనే కలుపుకుంటది. చదువుకోలే గని, మా అవ్వకు లెక్క వస్తది.

…

ఆగు. 

ప్రణయ్, మీ సారు చెప్పొద్దు. నేను చెప్త.

…ఆ, వస్త రేపు. కుర్చీ ఒద్దు. మైకు ఇస్తే చాలు… ఏం చెప్తనంటే, ఎండకాలం సెలవులల్ల నేను ఇంటికి వచ్చిన గద. అవ్వ జల్లెడ పట్టి పెట్టిన బూడిదల నేను బడి సున్నం కలిపిన అని చెప్త. చెదలకు ఇంకింత మంచిదనుకొని, ఎవ్వలకు చెప్పకుంట కలిపిన. అవ్వ పోసిన పిడికెడు బూడిదకు ఏం కాకపోతుండె, నా సున్నంతోని పోయినయ్. ఇగ తేయాకు మొదట్ల సున్నం గాని, బూడిద గాని, ఏదీ పడొద్దు. ఉత్త మట్టే ఉండాలె. గిట్ల చెప్త.

…కలపలే. అబద్ధమే. నేనెప్పుడు కలిపిన సున్నం?… బడిల నువ్వు అబద్ధమాడితే అరచేతుల మీద కొట్టిన, యాదికున్నదా?… గట్టిగనే కొట్టిన. ఉన్నది నాకు గుడ యాది.

నమ్ముతది. నేను చెప్తే అవ్వ నమ్ముతది. చదువుకున్నదని నేనేం చేసినా ఎదురు చెప్పది గద, నమ్ముతది.

…నా ఇజ్జత్‌కు ఏమైతది? పోతది. పోని. "బడిల పిల్లలకు పాఠం చెప్తది, ఇంట్ల సున్నం కలుపుతది" అని నవ్వుతరు. నవ్విన ముచ్చట మరువరు. పరశురాములు భార్య నన్ను తిట్టుకుంటనన్న బూడిద తట్ట పక్కకు పెడ్తది. మీ సారు గంటసేపు చెప్పినా గంత పని కాదు.

…అవ్వనా.

నాతోని మాట్లాడకపోవచ్చు. కొన్నొద్దులు. ఎన్నొద్దులో… బిడ్డ మీద కోపం పెట్టుకొని మనిషి బతుకొచ్చు, ప్రణయ్. సొంత చేతి మీద పెట్టుకొని బతకది. ఆ చేతితోనే తినాలె గద.

ఒక్కటి మాత్రం నాకు మాట ఇయ్యి. వాడు నీకు ఫోన్ చేసిండని, కడగనీకి మోటరు పెట్టవోయిండని ఎవ్వలతోని అనకు. మీ సారుకు చెప్పినవా?… చెప్పలే గద. చెప్పకు. అది నీ దగ్గర, నా దగ్గర ఉండాలె. ఊరు కూడిక ఏసుకుంటే నా మీద ఏసుకోని… సరే అను. ఊఁ కాదు, నోటితోని సరే అను…

ఆ.

ఇంకొకటి. ఆ మట్టి పరీక్ష బండి ఉన్నది చూడు, ముందుగాల పరశురాములు చేనుకు తోలు. మొక్క ఇయ్యకముందు. పరీక్ష కాకుంట ఒక్క మొక్క గుడ దించొద్దు. ఇది నేను అడిగేది కాదు, చెప్తున్న… మా మీది వరుసనా? చూస్త. అవి ఎట్లన్న బతకాలె. వాని చేతి మొక్కలు గవ్వే మిగిలినయ్. నిన్న అవ్వ ఒక మాట అన్నది, "కిందియి నేను ఎంత సాదినా పోయినయ్, మీదియి నా చెయ్యి తగలకనే బతికినయ్, పాపం, వాటికి నేనేం చెయ్యలేదు" అని. ఇంటుంటె అప్పుడు ఏమనిపియ్యలే…

ఆగు. తలుపు సప్పుడు…

అవ్వా! ఏడికి?

…ఎవలు లేరు, బడి నుంచి ఫోను. ఆ తట్ట ఏంది?

…గుట్ట మీదికా?

ప్రణయ్, ఉండు. పెట్టకు.

అవ్వా, ఆగు. నీ మోకాళ్లతోని అంత మీదికి ఎట్ల ఎక్కుతవ్?… కూసుంట కూసుంట పోతవా? జారితే? వానకు మట్టి జారుతుంది… సదా మొక్కలే, ఎరికే. నాకు ఎరక లేదా… వాడు ఏమనుకుంటడు? ఏమనుకోడవ్వా. వాడు నిన్ను ఏమనుకోడు.

ఇటియ్యి.

ఇటియ్యవ్వా. ఇయ్యాల్టిసంది నేను పోస్త… జల్లెడ పట్టినవా?… మంచిగ పట్టినవ్. మెత్తగున్నది… ఔ, మొదట్లనే. పిడికెడు పిడికెడు. ఒక్కటి గుడ ఇడువ… ఏలుతోని సదురుత, నువ్వు సదిరినట్టే. నువ్వు అరుగు మీద కూసో. నేను పోసొస్త.

…

ప్రణయ్. ఇన్నవు గద.

రేపు మైకు ముందుగాల నాకియ్యుమని చెప్పు మీ సారుకు… ఉంట మరి. పెడుతున్న. రెండు చేతులు కావాలె, తట్ట బరువున్నది.